చొక్కా మోగిన ఇంటికి డ్రయ్యర్

"మమ్మీ, పాపా కీ షర్ట్ బజ్ రహీ హై."

మా అమ్మాయి లోపలి గదిలోంచి ఈ మాట అన్నప్పుడు నేను వంటింట్లో చపాతీల పిండి కలుపుతున్నాను. నాన్న చొక్కా మోగుతోందట. మా ఇద్దరు పిల్లలూ ఇక్కడే భిలాయిలో పుట్టారు, కంగారొస్తే వాళ్ళకి హిందీయే వస్తుంది. కానీ ఆ గొంతులో కంగారేమీ లేదు. లెక్కల హోంవర్క్ చేసుకుంటూ, పక్కింట్లో కుక్కర్ కూసిందని చెప్పినట్టుగా చెప్పింది. చొక్కా జేబులో ఫోన్ ఉండిపోయి ఉంటుందనుకున్నాను.

"ముట్టుకోకు. ఉండు, వస్తున్నా," అన్నాను.

పిండిలో ఇంకొన్ని నీళ్ళు పోశాను. అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఫోన్ ఆయన దగ్గరే ఉంది. ఏదో పని మీద పక్క ఊరు దుర్గ్ వెళ్ళి, ఇందాకే అక్కడి నుంచి ఫోన్ చేసి కొత్తిమీర కావాలా అని అడిగారు. మరి ఇంట్లో చొక్కాలోంచి మోగుతున్నదేమిటి?

నా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. ప్రమాదం అనేది నాకు తెలిసింది సరిగ్గా అక్కడ, ఇత్తడి పళ్ళెం ముందు.

పిల్లల గది తలుపు మూసి ఉంది. తలుపు కింద సందులో మా అత్తగారు పాత చీర మడిచి పెట్టారు, చెమ్మ లోపలికి రాకుండా. తోసుకుని వెళ్ళాను. గది వెచ్చగా, సాంబ్రాణి వాసనతో, చాలా హాయిగా ఉంది. మధ్యలో బొగ్గుల కుంపటి. దాని మీద బోర్లించిన వెదురు బుట్ట. బుట్ట మీద పిల్లల స్కూలు బట్టలు, మేజోళ్ళు, ఆదివారం చర్చికి అత్తగారు కట్టుకునే తెల్లచీర. పక్కనే దండెం మీద మా ఆయన డ్యూటీ చొక్కా. దాని జేబులో ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది, ఆగకుండా కీచుమంటోంది. మా అమ్మాయి, నేను ముట్టుకోవద్దన్నాను కనుక, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని దాన్ని చూస్తోంది. నాలుగేళ్ళ మా బాబు చాప మీద పడుకుని ఉన్నాడు. వాడు సాయంత్రాలు పడుకోడు.

వాణ్ణి భుజాన వేసుకున్నాను, అమ్మాయి రెక్క పట్టుకున్నాను, వీధి వరండాలోకి పరిగెత్తాను. వాన జల్లు ముఖాన కొట్టగానే బాబు కళ్ళు తెరిచి "నీంద్ ఆ రహీ హై" అని విసుక్కున్నాడు. నిద్రొస్తోందట. ఆ విసుగు విన్నాకే నాకు ఊపిరి ఆడింది.

ముందు గదిలో వెల్లుల్లి ఒలుస్తున్న మా అత్తగారు చేట పట్టుకునే లేచారు.

"ఏటయిందమ్మా? పిల్లల్ని వానలోకి లాక్కుపోతన్నావేటి?"

"మీరు కూడా రండత్తయ్యా. ముందు బయటికి రండి."

"నానెందుకు?"

"చొక్కా మోగుతోంది."

ఆవిడ నన్ను ఒక రకంగా చూశారు. అయినా వచ్చారు. కోడలికి మతిపోయినప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఆయనకి ఫోన్ చేశాను. చొక్కా మోగుతోందని చెప్పాను. మా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడని గొంతుతో మాట్లాడారు. "అందరూ బయటే ఉన్నారా? ఎవరూ లోపలికి వెళ్ళకండి. దేనికోసమూ వెళ్ళకండి. కిటికీ బయటి నుంచి తెరువు. నేను వస్తున్నా."

ఆ మోగినది గ్యాస్ మీటరు. మా ఆయన ఉక్కు ప్లాంట్‌లో ఫర్నేసుల దగ్గర పనిచేస్తారు. అక్కడ గాలిలో రంగూ వాసనా లేని విషపు గ్యాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి, అగ్గిపెట్టెంత మీటరు ఒకటి చొక్కాకి తగిలించుకునే తిరగాలి. గ్యాస్ తగిలితే అది మోగుతుంది, మనిషి పరిగెత్తాలి. మూసిన గదిలో బొగ్గులు మండినా పుట్టేది అదే గ్యాస్. షిఫ్ట్ దిగాక దాన్ని అక్కడే అప్పగించి రావాలి. ఆ రోజు వానలో తడిసి, ఆయన దాన్ని జేబులో వేసుకుని మర్చిపోయి వచ్చేశారు. వచ్చి, తడిచొక్కా తీసి దండెం మీద వేసి, అదే కుంపటి దగ్గర చేతులు వెచ్చబెట్టుకుని, వేరే చొక్కా తొడుక్కుని దుర్గ్ వెళ్ళిపోయారు. కొత్తగా డ్యూటీలో చేరిన వాళ్ళకి ఈ గ్యాస్ గురించి పాఠం చెప్పేది కూడా ఆయనే. ఎందుకు తట్టలేదని తర్వాత అడిగాను. నిజాయితీగానే చెప్పారు: "గ్యాస్ అంటే ప్లాంట్‌లో ఉండేది కదా. ఇంట్లో ఉండేది కుంపటి."

ఆ సాయంత్రమే పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చూసి, ఏమీ ఇబ్బంది లేదు, సమయానికి బయటికి తెచ్చారు అంది. బాబు బిస్కెట్ అడిగాడు. మధ్యాహ్నం నుంచీ తనకి తలనొప్పిగా ఉందని అత్తగారు అప్పుడు బయటపెట్టారు. పొద్దున్న నేను పెట్టిన టీ వల్ల అనుకున్నారట.

ఇంటికొచ్చాక అసలు చర్చ మొదలైంది.

"నీ మొగుడి చిన్నప్పటి లంగోటాలన్నీ ఈ బుట్ట మీదే ఆరబెట్టేను," అన్నారు అత్తగారు. "ఈ సెక్టర్ సెవెన్ క్వార్టర్‌లోనే, ఈ గదిలోనే. ఏటయిపోయేడు? దున్నపోతులా ఉన్నాడు."

"అప్పుడు చెక్క కిటికీలమ్మా," అన్నారు మా ఆయన. "మూసినా వేళ్ళు దూరే సందులుండేవి. ఇప్పుడు అద్దాల కిటికీలు. దోమ కూడా దూరదు. గ్యాస్ ఎక్కడికి పోద్ది?"

"అంత మంచి సాంబ్రాణి వాసనొస్తంటే గాలి సెడ్డదంటావేట్రా?"

"ఆ గ్యాస్‌కి వాసనుండదమ్మా. సాంబ్రాణికి ఉంటాది."

ఆవిడ దీన్ని ఒప్పుకోలేదు. ప్రభువే కాపాడేడు అన్నారు. అందులో నాకూ అభ్యంతరం లేదు. ప్రభువు ఆ పనికి మా ఆయన మతిమరుపును వాడుకున్నాడు, అంతే.

మర్నాడు ఆయన మీటరును ప్లాంట్‌లో అప్పగించేశారు, చివాట్లు తిన్నారు. నాకు మాత్రం ఇంట్లోంచి కాపలా మనిషిని పంపించేసినట్టయింది. నెహ్రూ నగర్‌లో ఒక స్కూల్లో ఆఫీసు పని నాది. పిల్లలు మధ్యాహ్నమే వచ్చేస్తారు, నేను సాయంత్రానికి గానీ రాను. ఆ మధ్య గంటలన్నీ పిల్లలు, అత్తగారు, వాన, తడిబట్టలు. కుంపటిని మా ఆయన అటక మీద పెట్టారు. రెండు రోజుల్లో అది దిగివచ్చి అత్తగారి మంచం కింద కూర్చుంది.

"వెలిగించనులే," అన్నారావిడ. "అటక మీద తుప్పట్టిపోద్ది."

నేను ఆఫీసు నుంచి రోజూ ఫోన్ చేసేదాన్ని. "అన్నం తిన్నారా అత్తయ్యా" అని మొదలుపెట్టి "కిటికీ తెరిచే ఉందా" అని ముగించేదాన్ని. కొన్ని రోజులకి ఆవిడ ఫోన్ ఎత్తగానే "తెరిసే ఉంది, పెట్టేయ్" అనడం మొదలుపెట్టారు.

ఒక శనివారం, మూడు రోజులుగా ఆరని తెల్లచీరని నా ముందు పరిచారు. "ముట్టుకు సూడు. రేపు దీన్ని కట్టుకుని చర్చిలో కూకుంటే నా కింద మడుగవుద్ది. కుంపటొద్దన్నావు, సరే. మరి దేంతో ఆరబెట్టమంటావేటి?"

న్యాయమైన ప్రశ్న. బట్టలు ఆరనంతకాలం మంచం కింద కుంపటికి కారణం ఉంటూనే ఉంటుంది. నేను డిగ్రీలో రసాయనశాస్త్రం చదివాను. బొగ్గు చాలినంత గాలి లేకుండా మండితే ఏమవుతుందో పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తడిచీరని ఏంచేయాలో మాత్రం ఆ పుస్తకంలో లేదు.

అలా డ్రయ్యర్ సంగతి వచ్చింది.

ఈలోగా పిల్లలకి ఒక కసరత్తు నేర్పాను. తెలియనిది ఏది మోగినా, అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి పరిగెత్తాలి. గేటు దగ్గర జామచెట్టు కిందికి చేరాకే అమ్మా అని అరవాలి. మా అమ్మాయి హోంవర్క్ పుస్తకం తీసుకెళ్ళొచ్చా అని అడిగింది. వద్దన్నాను. బాబు చెప్పులు వేసుకోవచ్చా అని అడిగాడు. వద్దన్నాను. ఫోన్‌లో అలారం పెట్టి పరిగెత్తించాను. బాబుకి అది ఎంత నచ్చిందంటే, రోజూ సాయంత్రం ఆటలాగా అడిగేవాడు. అత్తగారు అరుగు మీద కూర్చుని చూసేవారు. "ఇంట్లో మిలిట్రీ పెట్టేవేటి?"

మా ఆయన ఇంట్లో గోడకి తగిలించే గ్యాస్ అలారం ఒకటి తెప్పించి పిల్లల గదిలో బిగించారు. తెల్ల డబ్బా. అది మోగకపోతే పనిచేస్తోందో లేదో తెలియదు, మోగితే గుండె ఆగిపోతుంది. అలాంటి వస్తువు.

తర్వాతి శనివారం పిల్లల్ని పక్కింట్లో వదిలి, పెద్దవాళ్ళం ముగ్గురం డ్రయ్యర్ చూడ్డానికి షోరూమ్‌కి వెళ్ళాం. మా ఆయన డ్యూటీ నుంచి నేరుగా ప్లాంట్ బూట్లతోనే వచ్చారు. షోరూమ్ కుర్రాడు ఆ బూట్లు చూసి తుడుపుగుడ్డ తెప్పించాడు. నన్ను దీదీ అని, అత్తగారిని మాతాజీ అని పిలిచాడు. డ్రయ్యర్లలో మూడు రకాలున్నాయన్నాడు. ఒకటి వేడిగాలితో బట్టలు ఆరబెట్టి, ఆ తడిగాలిని గొట్టంలోంచి బయటికి తోస్తుంది. ఇది చవక. రెండోది ఉతకడం, ఆరబెట్టడం రెండూ చేస్తుంది, కానీ ఉతికినన్ని బట్టల్ని ఒకేసారి ఆరబెట్టలేదు. మూడోది హీట్ పంప్ రకం. గాలిని బయటికి తొయ్యదు, బట్టల్లో నీటిని తీసి ఒక డబ్బాలో నింపుతుంది, మనం పారబోసుకోవాలి. ఇది నిదానంగా ఆరబెడుతుంది, కరెంటు తక్కువ తింటుంది, అన్నిటికంటే ఖరీదు.

అత్తగారు మొదటి మిషను తలుపు తీసి లోపలికి తల పెట్టి చూశారు.

"ఇందులో నిప్పెక్కడుంది?"

నేను హిందీలోకి మార్చి చెప్పాను. కుర్రాడు నవ్వాపుకుని, నిప్పుండదు మాతాజీ, అంతా కరెంటే అన్నాడు.

"నిప్పు లేకుండా ఎలాగారతాయి?"

"ఎండలో ఆరతన్నాయి కదమ్మా," అన్నారు మా ఆయన. "అక్కడేటి, నువ్వు నిప్పెట్టేవా?"

"ఎండ నిప్పు కాదేట్రా?"

ఫర్నేసు దగ్గర పనిచేసే మనిషి, అక్కడి నుంచి వాషింగ్ మెషీన్ల వైపు వెళ్ళిపోయారు.

గొట్టం రకం ఎక్కడ పెడతామని కుర్రాడు అడిగాడు. అసలు చిక్కు అదే. మా క్వార్టర్ వెనక వరండాలో వాషింగ్ మెషీన్ ఉంది. అక్కడికి వాన జల్లు పడుతుంది, దాని మీద రోజంతా గోనెపట్టా కప్పి ఉంచుతాం. డ్రయ్యర్‌ని అక్కడ పెట్టలేం. ఇంట్లో మిగిలిన చోటు బాత్రూమ్ పక్క నడవా ఒక్కటే. దానికి దగ్గర్లో గొట్టం బయటికి తీయగల కిటికీ కూడా ఒక్కటే ఉంది.

"ఏ కిటికీ?" అని నేను అడగలేదు. నాకు తెలుసు.

"పిల్లల గదిదే," అన్నారు మా ఆయన. "అయినా అది కరెంటుదే కదా. బొగ్గులు లేవు. ఆ గ్యాస్ రాదు. వచ్చేది బట్టల్లో నీళ్ళ ఆవిరే."

"గొట్టం ఊడితే?"

"ఊడితే గది చెమ్మవుద్ది."

"పిల్లల గదిలోకే కదా వస్తుంది."

"చెమ్మే కదా!"

"గొట్టమైతే వద్దు," అన్నాను.

నాకు తెలుసు, అది ఆవిరే. రసాయనశాస్త్రం నేనూ చదివాను. కానీ ఆ గదిలోకి ఏదో ఒకటి తోసే యంత్రాన్ని డబ్బు పెట్టి కొని తెచ్చుకోవడం నా వల్ల కాలేదు. కుర్రాడు "దీదీ, కుఛ్ నహీ హోతా," అన్నాడు. ఏమీ అవ్వదట. ఆ మాట నాకు ఇంట్లోనే చెప్పిన వాళ్ళున్నారు.

రెండోదాన్ని అత్తగారే తోసిపుచ్చారు. ఉతికే చోటా ఆరబెట్టే చోటా ఒకటే అయితే చీరకి ఏది ఎప్పుడు జరుగుతోందో ఎలా తెలుస్తుందని ఆవిడ ప్రశ్న. మూడోదాని నీళ్ళ డబ్బాని కుర్రాడు బయటికి లాగి చూపించాడు. అత్తగారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "బట్టల్లో నీళ్ళు ఇందులోకొస్తాయా? కళ్ళకి అవుపిస్తాయా?" అవుపిస్తాయన్నాం. "ఇదైతే నమ్మొచ్చు," అన్నారు. కంటికి కనిపించనిదంటే ఆవిడకీ అప్పటికే కొంచెం భయం పట్టుకుందని నాకు అక్కడే అర్థమైంది.

మూడోదే తీసుకున్నాం. ఎంత బట్ట పడుతుందో, దూదిలాంటి పీచు పట్టే జాలీని ఎప్పుడు దులపాలో, పిల్లలు లోపల దూరి తలుపేసుకుంటే తిరగకుండా తాళం ఉందో లేదో, అన్నీ అడిగాను. తాళం గురించి మూడుసార్లు అడిగాను. అడగనిది ఒక్కటే మిగిలిపోయింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి నడవాలో పెద్ద ప్లగ్గు పెట్టి, ఇది నడిచేటప్పుడు గీజర్ వెయ్యొద్దని, పాత వైరింగ్ తట్టుకోదని చెప్పాడు. అందుచేత మా ఇంట్లో ఇప్పుడు వేడినీళ్ళైనా ఉంటాయి, పొడిబట్టలైనా ఉంటాయి.

డ్రయ్యర్ వచ్చిన సాయంత్రం వాన కొడుతూనే ఉంది. మొదటి దఫాలో పిల్లల బట్టలూ తెల్లచీరా వేశాం. అత్తగారు స్టూలు తెచ్చుకుని గాజు తలుపు ముందు కూర్చుని, చీర తిరగడం చాలాసేపు చూశారు. తర్వాత ప్రార్థన చేసుకోవడానికి ముందు గదిలోకి వెళ్ళారు. పిల్లలు వాళ్ళ గదిలో ఉన్నారు. మా ఆయన స్నానానికి వెళ్ళారు, చన్నీళ్ళ స్నానానికే. నేను వంటింట్లో ఉన్నాను.

అప్పుడు డ్రయ్యర్ మోగింది.

పని అయిపోతే అది మోగుతుంది. చిన్న కూత కాదు, ఆపకపోతే మళ్ళీ మళ్ళీ మోగుతుంది. నేను షోరూమ్‌లో అడగనిది అదే.

నడవాలోంచి పాదాల చప్పుడు వినిపించింది. మా అమ్మాయి తమ్ముడి చెయ్యి పట్టుకుని నా ముందు నుంచి దూసుకుపోయింది. పుస్తకం లేదు, చెప్పులు లేవు, అమ్మా అన్న పిలుపు కూడా లేదు. నేర్పింది నేర్పినట్టు చేసింది. అది డ్రయ్యరని నాకు తెలుసు. అది నేనే వేశాను. అయినా నేను కూడా పరిగెత్తాను, పొయ్యి మీద పప్పు వదిలేసి.

జామచెట్టు కింద చూద్దును కదా, మా అత్తగారు మాకంటే ముందే చేరి ఉన్నారు. పాదాలకి చెప్పుల్లేవు, చేతిలో బైబిల్, దాని మీద కొంగు కప్పి ఉంది. బాబుని దగ్గరికి లాక్కుని వాడి ముఖం అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"నిద్దరొస్తందేట్రా? నిజం సెప్పు. నిద్దరొస్తందా?"

"నహీ," అన్నాడు వాడు సంతోషంగా. "ఫిర్ సే కరేఁ?" మళ్ళీ చేద్దామా అని అడుగుతున్నాడు.

మా ఆయన తువ్వాలుతో వరండాలోకొచ్చి, వానలో నిలబడ్డ నలుగురినీ చూశారు. లోపలికి వెళ్ళి చూసి వచ్చారు.

"డ్రయ్యరు. బట్టలు ఆరేయని మోగింది."

అందరం ఒకరినొకరు చూసుకున్నాం. మాలో ఒక్కరి ఒంటి మీద కూడా పొడి నూలుపోగు లేదు.

"అవి ఆరేయి గానీ," అన్నారు అత్తగారు, "మనం తడిసేం."

మా ఆయన నవ్వారు. గోడ పట్టుకుని నవ్వారు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. తలదించుకుని లోపలికి వెళ్ళింది. రెండో దఫాలో మేం విప్పిన బట్టలు వేశాం. అత్తగారు డ్రయ్యర్‌లోంచి తెల్లచీర తీసి, ముఖానికి ఆనించుకుని వాసన చూశారు. "ఏ వాసనా లేదు," అన్నారు. చీర మడత పెట్టుకుంటూ, "మంచిదే," అన్నారు. తర్వాత మంచం కిందికి వంగి కుంపటి లాగి, ఎవరి సాయమూ అడక్కుండా మోసుకెళ్ళి, వెనక పెరట్లో వానలో పెట్టి వచ్చారు. తుప్పు సంగతి ఎత్తలేదు.

ఆ మోతని ఆపేయొచ్చని మా ఆయన మిషనుతో వచ్చిన పుస్తకం చూసి కనిపెట్టారు. ఫలానా బటన్ నొక్కి పట్టుకుంటే చాలట. ఇంకా నొక్కనివ్వలేదు నేను. ఇది రాసుకుంటున్న ఈ రాత్రికి కూడా అది ప్రతి దఫాకీ మోగుతూనే ఉంది.

మేం తడిసిన మర్నాడు పొద్దున్న, వెచ్చటి పొడి మేజోళ్ళు తొడుగుతుంటే మా అమ్మాయి మెల్లగా అంది. "మమ్మీ, వో తో డ్రయ్యర్ థా. మై గలత్ భాగీ." అది డ్రయ్యరేనట, తను తప్పుగా పరిగెత్తిందట. నాన్న నవ్వారు కదా, అది రాత్రంతా మనసులో పెట్టుకున్నట్టుంది.

ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి చెప్పాను.

"తప్పేం లేదు. నిన్న మీరు చేసిందే సరైన పని. డ్రయ్యరా, గోడ మీద డబ్బానా, నాన్న చొక్కానా అని ఆగి చూడకండి. చూసేది నేను. ఎవరు నవ్వినా పరిగెత్తండి. 'ఉండు, వస్తున్నా' అని నేను వంటింట్లోంచి అరిచినా సరే, ఉండకండి, నా కోసం ఆగకండి. వాన పడుతుంటే తడవండి. ఆరబెట్టడానికి మిషను ఉంది."